భావనపాడులో ఎన్ని అక్షరాలు?

పద్యాల్లో గణాలు చూసే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసిమ్మని ఒక ఏఐ చాట్‌బాట్‌ని అడిగాను. పరీక్షకి మా ఊరి పేరే ఇచ్చాను: భావనపాడు. 8 అక్షరాలంది! సంతబొమ్మాళి మండలంలో ఏ ఒకటో తరగతి పిల్లనడిగినా 5 అంటుంది. యూనికోడ్‌లో దీర్ఘం, కొమ్ము విడి సంకేతాలు. ప్రోగ్రాం వాటినీ అక్షరాల్లో కలిపేసింది. పేరు తిరగేయమంటే ‘డాపనవాభ’ అంది, ముందొక అనాథ కొమ్ముతో.

ఆ కోడ్‌ని రచనగా చదివితే శైలికి వంక పెట్టలేం. పొందికైన పేర్లు, మర్యాదైన వ్యాఖ్యలు. లేనిదల్లా చెవి. తప్పు చూపించగానే ఒప్పుకుని, గుణింతాన్ని హల్లుకి అతికించింది. 5 వచ్చింది. భావన భగణం, పాడు గలం. సరిపోయిందని ఆగిపోబోయాను.

ఎందుకో ‘శ్రీకాకుళం’ కూడా ఇచ్చి చూశాను. 4 రావాలి, 5 వచ్చింది. ‘శ్రీ’ని శ్, రీ అని చీల్చేసింది. మా ఊరి పేరులో ఒత్తు లేదు కాబట్టి అక్కడ తప్పు బయటపడలేదు, అంతే.

కోడ్ రాయడం దానికి అప్పగించొచ్చు, నేనూ అప్పగిస్తాను. కానీ దాన్ని ఏ మాటతో పరీక్షించాలో తెలియాలంటే ఒత్తులూ గుణింతాలూ మనకి వచ్చుండాలి. ఆ చదువు మాత్రం పాతదే.