కారు కింద పనితనం
ఫార్ములా వన్ కారులో అందరి చూపూ రెక్కల మీదే ఉంటుంది. నాకు మాత్రం దాని ఫ్లోర్‌ను మలిచే ఇంజనీర్లంటే అపారమైన గౌరవం. 2022 నిబంధనలతో వచ్చిన కార్ల అడుగున రెండు పొడవాటి సొరంగాలు ఉండేవి. నేలకూ ఫ్లోర్‌కూ మధ్య ఇరుకులో గాలి వేగం పుంజుకుని, పీడనం పడిపోయి, కారు ట్రాక్‌కు అతుక్కునేది. ఆ పట్టును ముందు, వెనక చక్రాలకు సరిగ్గా పంచడమే అసలైన నేర్పు. బ్రేకు వేస్తే ముక్కు వంగుతుంది, వెనక భాగం లేస్తుంది, పట్టు ముందుకు జరుగుతుంది. మరీ జరిగితే మలుపులో వెనక చక్రాలు జారిపోతాయి. మరీ వెనక ఉండిపోతే కారు తిరగనని మొండికేస్తుంది. అందుకే సొరంగాల నోటి దగ్గరి పలకలనూ ఫ్లోర్ అంచులనూ మిల్లీమీటర్ల లెక్కన దిద్దేవారు. వేగంగా మలుపు తీసుకునే డ్రైవర్‌కు కారు మీద నమ్మకం కలిగేది ఆ దిద్దుబాటు వల్లే. గెలుపులో ఆ ఇంజనీర్లకూ సమాన వాటా ఉంది.