ఏలు వడ్డది, మాట వడలె

తార్నాకలో మెట్రో దిగి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిచే దారి అంతా కాగితాల దారి. రాష్ట్ర ఆర్కైవ్స్ ఇక్కడే ఉంది. తాళపత్రాలు భద్రపరిచిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయమూ ఇక్కడే. ఒకప్పటి సీఫెల్, ఇప్పటి ఇఫ్లూ ఆ పక్కనే. తార్నాక అంటే తీగకంచె దగ్గరి నాకా, కాపలా చోటు అని చెప్తారు. పరిశోధన చేసినన్నాళ్ళూ ఈ దారిలోనే తిరిగాను కాబట్టి ఆ అర్థం నాకు భలే నచ్చేది. రాత కూడా అలాంటి నాకాయే కదా, కొందరిని లోపలికి రానిచ్చి కొందరిని కంచె అవతలే నిలబెడుతుంది.

లిపి ఎలా పుట్టిందో మనం బళ్ళో చదువుకున్నాం. బొమ్మల నుంచి గుర్తులు, గుర్తుల నుంచి అక్షరాలు. భట్టిప్రోలు బ్రాహ్మి, కలమళ్ళలో రేనాటి చోళుల శాసనం, ఆ తర్వాత నన్నయ. ఈ వరస తప్పని అనను. కానీ అక్షరం ఆకారం మారిన కథనే రాత చరిత్ర అనుకుంటే ఆ అక్షరం ఎవరి చేతిలో ఉందనే ప్రశ్న పక్కకి పోతుంది. మెసొపొటేమియాలో మట్టి పలకల మీద మొదట గీసినవి ధాన్యం లెక్కలు, గొర్రెల లెక్కలు. పద్యాలు చాలా తర్వాత. పేరు తెలిసిన మొట్టమొదటి రచయితగా చెప్పుకునే ఎన్‌హెదువన్నా, క్రీ.పూ. 2300 ప్రాంతంలో, అదే నేల మీది స్త్రీ. అయితే ఆమె రాజు కూతురు, గుడి ప్రధాన పూజారిణి. కంచె లోపలి మనిషి. మన రుద్రమదేవి సంగతి ఇంకా చిత్రం. స్వయంగా రాజ్యమేలినా చాలా శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. రాయి మీదికి ఎక్కాలంటే ఆడపేరును కిందే వదిలి రావాలన్నమాట.

ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కన్ కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో సైన్యం పద్దులు చాలా ఎక్కువ. సిపాయి ముఖం మీది గుర్తులు, అతని గుర్రం ఒంటి మీది గుర్తులు వివరంగా రాసిపెట్టుకున్న చెహ్రా పత్రాలు. జీతం ఇవ్వాలి కాబట్టి, ఒక గుర్రానికి బదులు ఇంకో గుర్రాన్ని చూపించి మోసం చెయ్యకుండా చూడాలి కాబట్టి అంత శ్రద్ధ. మూడు వందల ఏళ్ళ కిందటి గుర్రానికి ఆనవాలు దొరుకుతుంది. దానికి గడ్డి కోసుకొచ్చిన ఆడమనిషికి దొరకదు. నవ్వొస్తుంది కానీ, రాజ్యం తన రాతలో అదొక లోపమని ఎన్నడూ అనుకోలేదు. తనకు రావలసిందీ తాను ఇవ్వవలసిందీ రాసుకోవడమే దాని పని. నిజాం కాలంలో సర్కారు భాష ఉర్దూ. తెలుగు అక్షరాలు వచ్చిన రైతుకి కూడా సర్కారు కాగితం చదివిపెట్టేవాడు ఇంకొకడు కావలసి వచ్చేది. ఇక అక్షరమే రాని ఆడవాళ్ళ సంగతి చెప్పేదేముంది?

మా నాయనమ్మకి ఈ సంగతులన్నీ నాకంటే బాగా తెలుసు. తాత పోయిన ఏడాదికి, బాకీ తీర్చడానికని చెప్పి ఇంటి మగవాళ్ళే స్టాంపు కాగితం మీద ఆమె బొటనవేలు ముద్ర వేయించుకున్నారు. రెండెకరాల చెలక పోయింది. నా పరిశోధన కోసం ఫోన్‌లో రికార్డు చేస్తున్నప్పుడు ఆమె అన్నది: "కాయితం మీద నా ఏలు వడ్డది గని నా మాట వడలె బిడ్డా." నా థీసిస్‌లో ఒక అధ్యాయమంతా కష్టపడి చెప్పలేకపోయిన మాట అది.

ఆ మాట విన్నాకే 'మనకు తెలియని మన చరిత్ర'ను మళ్ళీ తీసి చదివాను. 1986లో స్త్రీశక్తి సంఘటన వేసిన ఈ పుస్తకం మన పాఠకులకు కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు మూడు దశాబ్దాలు దాటాక చెప్పిన జీవిత కథలు. విని, అచ్చులోకి తెచ్చినవాళ్ళు కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారు, వీణా శత్రుఘ్న. రమా మేల్కోటే ఉస్మానియాలో, సూసీ తారు సీఫెల్‌లో పాఠాలు చెప్పినవాళ్ళు. అంటే ఈ కాగితాల దారిలో నడిచినవాళ్ళే కాగితంలో లేనిదాన్ని వెతుక్కుంటూ బయటికి వెళ్ళారు.

పోరాటానికి రాతలో చరిత్ర అప్పటికే ఉంది. 1972లో వచ్చిన సుందరయ్య పుస్తకం స్త్రీలకు చోటిచ్చింది కూడా. అక్కడ వాళ్ళు వీరవనితలు. ధైర్యం, త్యాగం, చిత్రహింసలకు లొంగకపోవడం. స్త్రీశక్తి పుస్తకంలో కమలమ్మ, అడవిలో ఉండగా కన్నబిడ్డను వదులుకోవలసి రావడం గురించి మాట్లాడుతుంది. 1951లో పోరాటం విరమించాక ఇళ్ళకి తిరిగి రావలసి వచ్చిన స్త్రీలు, ఆ ఇళ్ళు ఏమీ మారలేదని చెప్తారు. 'త్యాగం' అని ఒక్క ముక్కలో రాసేస్తే ఆ బిడ్డ పోయిన రాత్రి కనబడకుండా పోతుంది. ఆ పదాన్ని విప్పి చూపించడమే నా దృష్టిలో ఈ పుస్తకం చేసిన పెద్ద పని.

అయినా దాని పేరుతో నాకు చాలాకాలం పేచీ ఉండేది. ఎవరికి తెలియని చరిత్ర ఇది? కమలమ్మకి తెలుసు. పాలకుర్తిలో కౌలు భూమి మీది పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వని ఐలమ్మకి తెలుసు. ఆ ఊళ్ళకి తెలుసు. తెలియనిది అచ్చులో ఉన్నదాన్నే నమ్మే మనకి. అంటే మొదటి 'మన'లో అడిగినవాళ్ళే ఉన్నారు, చెప్పినవాళ్ళు లేరు. రెండో 'మన'లో మాత్రం అందరినీ కలిపేసుకున్నారు. 1989లో ఇంగ్లీషులో వచ్చినప్పుడు పేరు 'వి వర్ మేకింగ్ హిస్టరీ' అయింది. ఆ 'మేము' పూర్తిగా చెప్పిన స్త్రీలదే. అదే మేలని వాదించేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. తమకు తెలియదని అట్ట మీదే ఒప్పుకున్న తెలుగు పేరులో ఒక నిజాయితీ ఉంది. చదువుకున్నవాళ్ళం అంత తేలిగ్గా ఒప్పుకోం.

ఐలమ్మ 1985 సెప్టెంబరులో చనిపోయింది. పుస్తకం ఆ మరుసటి ఏడాది వచ్చింది. తన మాట అచ్చయ్యాక ఎలా ఉందో ఆమెకి చదివి వినిపించే వీలు ఎవరికీ లేకపోయింది.

మా నాయనమ్మకి నేను చదివి వినిపించాను. రికార్డు విని రాసేటప్పుడు 'వడ్డది'ని 'పడింది' చేశాను, 'గని'ని 'కానీ' చేశాను. పరీక్షకులకి అర్థం కావాలని. ఆమె ఆగిపోయిన చోటల్లా మూడు చుక్కలు పెట్టాను. పది నిమిషాలు ఓపిగ్గా విని, "మంచిగున్నది. ఎవలు చెప్పిన్రు ఇది?" అంది.

వెక్కిరించలేదు. నిజంగానే గుర్తుపట్టలేదు.

ఆ రోజు నుంచి టేపు నుంచి కాగితానికి వచ్చిన ఏ పుస్తకం చదివినా నాకు ఆ ప్రశ్నే వినబడుతుంది. చెలక రాయించుకున్నవాళ్ళూ నేనూ ఒకటేనని అనను. కానీ రెండుసార్లూ కాగితం మీద ఆమె గుర్తు ఉంది, ఆమె మాట లేదు.

ఇంత చెప్పి, మౌఖికమే పవిత్రం, రాతంతా పెత్తనమే అనే మాటకి నేను రావడం లేదు. సెమినార్లలో ఆ మాట తేలిగ్గా వినబడుతుంది. చదువుకున్నవాళ్ళకి చదువు మీద విరక్తి చవక. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం వాచకంలో సీతమ్మ కథ ఒక పాఠం. సారా తాగే మొగుడి భార్య కథ. రాత్రిబడిలో అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్ళు ఆ పాఠంలో తమ ఇల్లు చూసుకున్నారు. దూబగుంటలో రోశమ్మతో కలిసి సారా కొట్టు మూయించారు. ఆ కథ మళ్ళీ 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై పక్క ఊళ్ళకి వెళ్ళింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997కల్లా సడలిపోయింది, అది వేరే కథ. అక్షరం అక్కడ ఏం చేసింది? ప్రతి ఇంట్లో విడివిడిగా ఉన్న ఏడుపుని అందరూ కలిసి చదువుకునే పాఠంగా చేసింది. నోటిమాట ఒక్కటే అయితే ఇన్ని ఊళ్ళకి ఇంత త్వరగా వెళ్ళేదా అని నాకు అనుమానమే.

స్త్రీశక్తి పుస్తకంలో తన కథ చెప్పినవాళ్ళలో కొండపల్లి కోటేశ్వరమ్మ ఒకరు. తొంభై ఏళ్ళు దాటాక, 2012లో ఆవిడే 'నిర్జన వారధి' రాశారు. అప్పుడు ప్రశ్నకి జవాబు చెప్పిన మనిషి, ఇప్పుడు ఏది ముందు చెప్పాలో ఏది దాటెయ్యాలో తానే నిర్ణయించుకున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఈ తేడా తెలుస్తుంది. మల్లు స్వరాజ్యం ఆత్మకథ మాత్రం 2019లో కూడా ఆవిడ చెప్పగా ఇతరులు రాసిపెట్టినదే. వక్తగా ఊళ్ళు కదిలించిన మనిషికి చెప్పడమే సరైన పద్ధతి కావచ్చు కూడా. అక్షరం వస్తే చాలు, ఆడవాళ్ళంతా రచయితలైపోతారని లెక్క కట్టేవాళ్ళకి ఈ రెండు పుస్తకాలూ కలిపి చూపించాలి.

నాయనమ్మ కథ పుస్తకంగా తెద్దామని ఈమధ్య మళ్ళీ ఆ రికార్డుతో కూర్చున్నాను. ఈసారి చదివి వినిపించడానికి ఆమె లేదు. 'వడ్డది', 'గని', 'ఎవలు' అన్నీ తిరిగి పెట్టాను. చెలక సంగతి చెప్పి ఆగిపోయిన చోట చుక్కలు తీసేసి, 'ఇక్కడ చాలాసేపు మాట్లాడలేదు' అని రాశాను. ఎంతసేపో చూద్దామని ఫోన్‌లో వెనక్కి జరిపి విన్నాను. నలభై ఏడు సెకన్లు. మధ్యలో ఒకసారి, చాలా దగ్గరగా, నేను కాగితం తిప్పుతున్న చప్పుడు.