పాత బుల్లెట్ ఫోర్కు: సరిచేసే పనికి ఒక వరుస

బ్రేకు పట్టగానే పాత బుల్లెట్ ముందు భాగం ఒక్కసారిగా కిందికి దిగిపోతే, గతుకు దాటినప్పుడల్లా హ్యాండిల్ చేతుల్ని కుదిపేస్తే చాలామంది చేసే పని ఒక్కటే: ఫోర్కులో ఇంకాస్త చిక్కటి ఆయిల్ పోయిస్తారు. కొన్నాళ్ళు బాగున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత కుంగడం మానదు, పైగా చిన్న రాళ్ళ మీద కూడా బండి ఎగిరెగిరి పడుతుంది. నిజానికి ఈ పనిలో ఆయిల్ వంతు చివర్లో వస్తుంది.

ముందుగా ఈ ఫోర్కు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. రెండో ప్రపంచయుద్ధానికి ముందు బ్రిటిష్ మోటార్‌సైకిళ్ళలో చాలావాటికి గర్డర్ ఫోర్కులే ఉండేవి. మధ్యలో ఒక స్ప్రింగు, ఊపును ఆపడానికి చేత్తో బిగించే రాపిడి బిళ్ళలు. 1935లో బీఎండబ్ల్యూ ఆర్12, ఒక గొట్టంలో మరో గొట్టం జారే టెలిస్కోపిక్ ఫోర్కులో ఆయిల్‌తో ఊపును అదుపు చేసే పద్ధతితో అమ్మకానికి వచ్చింది. యుద్ధం ముగిశాక బ్రిటిష్ కంపెనీలూ అదే దారి పట్టాయి. 1948లో ఇటలీలోని సాన్‌రెమోలో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో టెలిస్కోపిక్ ఫోర్కు, వెనుక స్వింగ్ ఆర్మ్ ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లు బంగారు పతకాలు గెలిచాయి. 1955లో మద్రాస్ మోటార్స్‌తో పొత్తు కుదిరి ఆ బుల్లెట్ మన దేశంలో తయారవడానికి దారి పడింది. దశాబ్దాల పాటు దాని ప్రాథమిక నిర్మాణం పెద్దగా మారలేదు. అందుకే పాత బండ్లను బాగుచేసే విద్య ఇక్కడ ఇంకా నిలిచి ఉంది.

ఫోర్కులో రెండు పనులు జరుగుతాయి. బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఎంత వేగంగా నలగాలో, ఎంత వేగంగా తిరిగి లేవాలో నిర్ణయించేది సన్నటి రంధ్రాల గుండా దూరే ఆయిల్. స్ప్రింగు అలిసిపోతే చిక్కటి ఆయిల్ ఆ బరువును మోయలేదు. కుంగడాన్ని కాస్త ఆలస్యం చేస్తుందంతే.

మంచి మెకానిక్ ముందుగా చూసేది కోన్‌సెట్‌ను, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే గోళీలు, కప్పుల సెట్టును. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, ఫోర్కు కాళ్ళు రెండూ పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగుతాడు. టక్కుమంటే వదులుగా ఉన్నట్టు. తర్వాత హ్యాండిల్‌ను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా తిప్పుతాడు. సరిగ్గా మధ్యలో పట్టుకున్నట్టు ఆగితే గోళీలు కప్పులో గుంటలు చేశాయన్నమాట. దాన్ని ఎంత బిగించినా లాభం లేదు, సెట్టు మార్చాల్సిందే. అతిగా బిగిస్తే మెల్లగా పోయేటప్పుడు బండి అటూ ఇటూ తూలుతుంది.

తర్వాత పైపుల వంతు. వాటిని ఊడదీసి మందపాటి అద్దం పలక మీద దొర్లిస్తే, కంటికి కనబడని వంపు కూడా అడుగున సందుగా తేలుతుంది. పైపు మీద క్రోమ్ లేచి గుంటలు పడితే కొత్త ఆయిల్ సీల్ వేసినా కొద్ది రోజుల్లోనే కారుతుంది. ఆ గరుకు సీల్ అంచును కోసేస్తుంది. పైపును గ్రైండింగ్ చేయించి హార్డ్ క్రోమ్ వేయించాలి, లేదా మార్చాలి. పైపులు జారే బుష్‌లు అరిగి, కొత్తవి బజారులో దొరకనప్పుడు కొలత ఇస్తే చేసిపెట్టగల లేత్ పనివాళ్ళు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఉన్నారు. వాళ్ళ చేతి నేర్పు లేకపోతే ఎన్నో పాత బండ్లు పాత ఇనుము కింద పోయేవి.

బిగింపులోనూ పద్ధతి ఉంది. అన్నీ ఒకేసారి గట్టిగా బిగించేస్తే రెండు కాళ్ళూ మెలిపడి పైపులు లోపల రాసుకుంటాయి. ఇరుసు బిగింపులను వదులుగా ఉంచి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదుసార్లు కిందికి అదిమి వదలాలి. కాళ్ళు వాటంతట అవే సమానంగా సర్దుకున్నాక బిగించాలి. ఖర్చులేని ఈ చిన్న పనితోనే బండి నడక చాలాసార్లు మారిపోతుంది.

ఇప్పుడు కొలత. చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి పైన కదలని ఒక గుర్తు దాకా టేపు పెట్టి కొలవాలి. చోదకుడు ఎక్కి కూర్చున్నాక మళ్ళీ రెండుసార్లు కొలవాలి: ముందు భాగాన్ని పైకి లేపి మెల్లగా వదిలి ఒకసారి, కిందికి అదిమి మెల్లగా వదిలి ఒకసారి. లోపలి రాపిడి వల్ల ఈ రెండూ ఒక్కటిగా రావు, సగటు తీసుకోవాలి. చక్రం గాలిలో ఉన్నప్పుడు 600 మి.మీ., చోదకుడు ఎక్కాక 570, 560 వచ్చాయనుకుంటే కుంగు, అంటే బరువుకు ఫోర్కు దిగిన దూరం, 35 మి.మీ. మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా కుంగు ఉండటం మామూలు లెక్క. ఫోర్కు కదలిక 130 మి.మీ. అయితే 32 నుంచి 43 మి.మీ. మధ్య రావాలి.

కుంగు ఎక్కువైతే స్ప్రింగు పైన బిళ్ళలు గానీ చిన్న పైపు ముక్క గానీ పెడతారు. ఇక్కడే ఒక అపోహ ఉంది. బిళ్ళ పెడితే స్ప్రింగు గట్టిపడదు, బండి ముందు ఎత్తు మాత్రమే పెరుగుతుంది. స్ప్రింగు పొడవు మాన్యువల్లో చెప్పిన హద్దు కన్నా తగ్గితే, బిళ్ళలు పేర్చడం కన్నా కొత్త స్ప్రింగుల జత వేయడమే మేలు.

చివరికి ఆయిల్. పాతదాన్ని పూర్తిగా దించి, లోపల కడిగి, ఆరబెట్టి, కొలపాత్రతో రెండు కాళ్ళలోనూ సమానంగా పోయాలి. పరిమాణం పెరిగితే పైన మిగిలే గాలి తగ్గుతుంది. ఆ గాలి నలిగేకొద్దీ అదనపు స్ప్రింగులా పనిచేసి, కదలిక చివర్లో ఫోర్కు బిగుసుకుపోతుంది. ఇక గ్రేడ్ విషయం: మాన్యువల్ చెప్పిన దానితో మొదలుపెట్టి, గతుకు దాటాక ముందు భాగం ఒకటికి రెండుసార్లు ఊగితే ఒక మెట్టు చిక్కటిది వాడి చూడాలి. ఒకే అంకె రాసి ఉన్నా రెండు కంపెనీల ఆయిళ్ళు చిక్కదనంలో తేడాగా ఉంటాయి, కాబట్టి కలిపి పోయకూడదు.

లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. టేపు, అద్దం పలక, కొలపాత్ర, ఓపిక చాలు. పాత బండికి కొత్త మోడల్ ఫోర్కు తగిలించాలనుకునేవాళ్ళు, ఆ ఖర్చు పెట్టేముందు ఒక్కసారి ఈ వరుసలో పాత ఫోర్కును విప్పించి చూడాలి. చేయించేటప్పుడు పక్కన నిలబడి, కొలతలన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. తర్వాత ఆ బండి మీద చెయ్యి వేసే ప్రతి మెకానిక్‌కూ ఆ పుస్తకం పనికొస్తుంది.