ఒక్క పంతులు, ఐదు తరగతులు

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట మండలాల్లో ఏ ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ను) కదిపినా ముందు వినిపించేది యాప్‌ల గోడే. అందులో అబద్ధం లేదు. 2022 ఆగస్టులో ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి వచ్చింది. దానికీ సొంత ఫోనే వాడాలి. మధ్యాహ్న భోజనం, కోడిగుడ్ల లెక్క, చివరికి మరుగుదొడ్ల ఫొటోలు కూడా ఆ ఫోన్‌లోంచే పైకి వెళ్లాయి. ‘వేసవి సెలవులున్నాయి కదా, వీళ్లకేం అలసట’ అని టీకొట్ల దగ్గర తేల్చేసేవాళ్లకు ఈ చాకిరీ కనపడదు.

పనివల్ల మనిషి ఇలా కాలిపోవడాన్ని బర్నవుట్ అంటూ 1974లో వివరించినవాడు అమెరికా మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక, ఉద్యోగంలో ఎదురయ్యే పరిస్థితిగా గుర్తించింది. లక్షణాలు మూడు: ఓపిక అయిపోవడం, పని మీద విరక్తి, చేసేదంతా దండగ అనిపించడం.

అయితే నేరమంతా యాప్‌ల మీదికి నెడితే లెక్క కుదరదు. హైస్కూల్ మాస్టర్లకూ యాప్‌లు ఉన్నాయి. వాళ్లకు స్టాఫ్‌రూమ్ కూడా ఉంది, విసుక్కోవడానికి పక్కన ఇంకో మనిషి ఉన్నాడు. ఏకోపాధ్యాయ పాఠశాలలో అదే కరువు. ఒకటో తరగతివాడు పలక మీద ‘అ’ దిద్దుతుంటాడు, ఐదో తరగతి పిల్ల భాగహారం దగ్గర ఆగిపోతుంది, ఇంతలో వంటామె బియ్యం కొలవడానికి పిలుస్తుంది. ముగ్గురికీ ఒక్కరే పలకాలి. జ్వరమొచ్చి సెలవు పెట్టాలన్నా పక్క ఊరి బడి నుంచి ఎవరినైనా సర్దుబాటు చేయాలి. లేకపోతే ఆ రోజు బడికి తాళమే. అందుకే ఒంట్లో బాగాలేకున్నా బండెక్కుతారు. దూరపు ఊళ్లలో పనిచేస్తే బదిలీల్లో పాయింట్లు ఎక్కువ వస్తాయి, నిజమే. ఆ పాయింట్లు ఊరు దాటించడానికి పనికొస్తాయి గానీ, ఉన్నన్నాళ్లూ మోసే బరువును తగ్గించవు. పాత పంతులు వెళ్లాక వచ్చే కొత్తవారికీ అదే గది, అవే ఐదు తరగతులు.

యోగా శిక్షణలు, ఒత్తిడిని జయించే ఉపన్యాసాలు పెట్టడం సులువు. ఆ శిక్షణకు వెళ్లినా బడి మూయాల్సిందే. ఇక్కడ కావలసింది రెండో టీచరు. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది.