నేలబారు వెలుగు

బ్యాటరీ లైటు అందరి చేతుల్లోనూ ఉంటుంది. వాడడం మాత్రం కొందరికే వచ్చు. ఆ కొందరిలో నా ఓటు చెరువు నీరటికే. అర్ధరాత్రి తూము చూసి రావడానికి కట్ట ఎక్కిన నీరటి చేతిలో లైటు మోకాలు దాటి పైకి లేవదు. ఎడమచేత లైటు, కుడిచేత కర్ర. నడుస్తున్నంతసేపూ వెలుగు రెండడుగుల ముందు నేలను తడుముతూ పోతుంది. ఆగాడంటే లైటు ఆర్పేస్తాడు. ఆర్పి, చెవులు రిక్కిస్తాడు. మా వైపు ఒక పెద్దాయన అలా చీకట్లో నిలబడే, గడ్డిలో అలికిడి విని, "పంది. పిల్లలతో ఉంది. చుట్టు తిరిగి పోదాం పదండి" అనేవాడు. లైటు వేసి చూడాలన్న ఆత్రం పక్కనున్న మాకే గాని ఆయనకు ఎన్నడూ లేదు.

ఆ మోకాలి ఎత్తులో ఎంత తెలివి ఉందనుకున్నారు! వెలుగు మన కంటి దగ్గర్నుంచి పోతే ఏ వస్తువు నీడైనా దాని వెనకే దాక్కుంటుంది, నేలంతా చదునుగా అగుపిస్తుంది. అదే వెలుగు కిందనుంచి ఏటవాలుగా పారితే మట్టిబెడ్డకూ, గుంతకూ, గట్టుకు అడ్డంగా పడుకున్న పురుగుకూ బారెడు నీడ పడుతుంది. నుదుటికి కట్టుకునే హెడ్‌లైటు మోటారు విప్పుకోవడానికి మంచిదే. గట్టు మీద నడకకు మాత్రం దాన్ని నమ్మను. కర్రతో నేల తడుతూ పోతే ఆ అదురుకు చాలా పాములు తప్పుకుంటాయి. రక్తపింజరి మొండిది, బుసకొడుతూ అక్కడే ఉంటుంది. దాన్ని పట్టిచ్చేది ఈ నేలబారు వెలుగే.

దూరం చూడాలంటే పద్ధతి తిరగబడుతుంది. లైటును కణత పక్కకు తెచ్చి మెల్లగా చుట్టూ తిప్పాలి. కుక్క, నక్క, ఆవు, చిరుత, వీటి కళ్లలోపల వెనకవైపు అద్దంలాంటి పొర ఒకటి ఉండి, వచ్చిన వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. లైటు మన కంటి పక్కనే ఉంటేనే ఆ మెరుపు మనకు అందేది. అయితే పందికి ఆ పొర లేదు. పాముకూ లేదు. మొక్కజొన్న చేనుకు కావలి పోయేవాడి ప్రాణం మీదికి తెచ్చే రెండూ కళ్లు మెరవనివే! అందుకే చుట్టూ ఒక తిప్పు తిప్పి, లైటును మళ్లీ మోకాలి దగ్గరికే తెచ్చుకోవాలి.

ఇక కన్ను. చీకటికి అది పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. సెల్‌ఫోన్ తెరను ఒక్కసారి చూస్తే ఆ సంపాదనంతా పోయినట్టే. ఎదురుగా బండి లైటు పడగానే ఒక కన్ను మూసి, బండి దాటాక ఆ కంటితోనే దారి చూసుకునే పాతకాపులున్నారు. మసక వస్తువును సూటిగా కాకుండా కాస్త పక్కకు చూడమనేదీ వాళ్లే. చీకట్లో పనిచేసే కణాలు కంటిపొర నట్టనడుమ లేవు మరి.

లైటు పుట్టుపూర్వోత్తరాలు నాకంతగా పట్టవు. 1899లో అమెరికాలో డేవిడ్ మిజెల్ అనే ఆయన గొట్టపు టార్చికి పేటెంట్ తీసుకున్నాడు. మొదట్లో న్యూయార్కు పోలీసులకు ఊరికే పంచారంటారు. మన ఇళ్లకొచ్చేసరికి అది ఇత్తడి ఎవరెడీ. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయ పులి కథ రాసిన కెన్నెత్ ఆండర్సన్ రాత్రివేటకు రైఫిల్‌కే టార్చి బిగించుకునేవాడు. కాని ఆయన్ని నిలబెట్టింది కణుజు కూత, కొండముచ్చు కేక విని పులి ఎటు కదిలిందో పసిగట్టే చెవులు. ఆయనకూ తాతలు పాములు పట్టే ఇరుళ్ల తెగవాళ్లు. వాళ్లలో మాసి సదయన్, వడివేల్ గోపాల్ 2017లో ఫ్లోరిడా చిత్తడి నేలలకు పోయి, అక్కడివాళ్లకు కొరుకుడుపడని బర్మా కొండచిలువలను పట్టి చూపారు. జాడ, పెంట, గడ్డి ఒరిగిన తీరు, ఇవే వాళ్ల దుర్భిణులు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. నాకైతే ఆలస్యమే అనిపించింది.

మనిషి వల్ల వచ్చే ఆపదకూ ఇదే విద్య. అమెరికన్ తుపాకీ విద్య గురువు జెఫ్ కూపర్ మెలకువకు నాలుగు రంగులు చెప్పాడు. తెలుపు పరధ్యానం. పసుపంటే తీరుబడిగా ఉంటూనే చుట్టూ గమనించడం. ఫలానా మనిషి మీద అనుమానం కలిగితే నారింజ, తెగించి తలపడాల్సినప్పుడు ఎరుపు. మన నీరటి బతుకంతా పసుపులోనే గడిచింది. బస్టాండు నుంచి చీకటి సందులో ఇంటికి పోయే అమ్మాయి పసుపులో ఉంటే చాలాసార్లు లైటుతో పనే పడదు. పడితే మాత్రం పిడికిట్లో లైటు, వెనక బటన్ మీద బొటనవేలు. కళ్లలోకి ఒక్క కొట్టు, ఆర్పడం, పక్కకు జరగడం, పరుగు. వెలుగున్న చోటే మనిషి ఉన్నాడని అవతలివాడు అనుకుంటాడు. ఎఫ్‌బీఐ పాత పద్ధతిలో లైటును చెయ్యి చాచి ఒంటికి దూరంగా పట్టేది అందుకే. మైకేల్ హారీస్ 1970లలో నేర్పిన, చేతుల వెనకవైపులు ఆనించే పట్టు తుపాకులవాళ్లది, మనకక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇచ్చాయి, అవసరానికి మించి కొట్టే హక్కు ఇవ్వలేదు. పళ్లచక్రం బిగించిన టార్చిలు కొని మురిసిపోయే కుర్రాళ్లకు ఈ ముక్క ఎవరు చెబుతారు?

ఆ టార్చిల సంగతే చెప్పాలి. ఒళ్లు మండుతుంది. పెట్టె మీద లక్ష ల్యూమెన్లు! లోపలి 18650 సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని అచ్చు! 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవుండే ఆ సెల్లులో మామూలుగా పట్టేది 3500 చుట్టుపక్కలే. వెలుగెంత, ఎంత దూరం, ఎంతసేపు అని కొలిచి చెప్పే ఎఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 ప్రమాణం 2009 నుంచీ ఉంది. వెలుగు పున్నమి వెన్నెలంతకు, అంటే పావు లక్స్‌కు తగ్గిన చోటు వరకే లైటు దూరం అని లెక్క. ఈ సరుకు మీద ఆ ఊసే ఉండదు. ఒకసారి నొక్కితే పెద్దది, మళ్లీ నొక్కితే చిన్నది, ఇంకోసారి నొక్కితే టపటపా కొట్టుకునేది. కాలి దగ్గర ఏదో కదిలినప్పుడు ఈ పేరంటమంతా ఎవడిక్కావాలి? సెల్‌ఫోన్ లైటు గురించి అసలు మాట్లాడను. అది తాళంకప్ప వెతుక్కోవడానికి పనికొస్తుంది.

ఇక లైటు అసలు అవసరం రైతుది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుకు ఉచిత కరెంటు వచ్చింది. చాలా ఊళ్లలో అది వచ్చేది నడిరాత్రి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలన్నారు, అంతకుముందు స్టార్టరు నొక్కడానికి పోయి పురుగు ముట్టి పోయినవాళ్లు పోయారు. విత్తనానికీ మందుకూ రాయితీ ఇచ్చే వ్యవసాయ శాఖ, ఒక జత గమ్‌బూట్లూ ఒక మంచి లైటూ ఇస్తే ఖజానా ఖాళీ అవుతుందా? ఇచ్చినప్పుడు పట్టుకునే తీరు కూడా నేర్పాలి. నేర్పేవాళ్లు ఇంకా ఊళ్లలోనే ఉన్నారు, ముసలివాళ్లైపోయారు. మీ ఊరి నీరటి కట్ట మీదికి వెళ్లే రాత్రి మీ పిల్లల్ని ఆయన వెనక పంపండి. ఫోన్లు మాత్రం ఇంట్లోనే పెట్టించండి.