వేలు బజర్ మీద, చెవి ప్రశ్న మీద

లక్షలూ కోట్లూ గెలుచుకునే ఆట కాదు అది. ఫోన్ చేసి అడిగే సాయం లేదు, గుండె దడదడలాడించే సంగీతం లేదు. రెండు బల్లలు, బల్లకు నలుగురు విద్యార్థులు, ఎదురుగా ప్రశ్నల అట్టలు పట్టుకున్న ఒక మనిషి, అంతే. తెర మీద ఒక జట్టు మేడ మీద, ఇంకో జట్టు కింద కూర్చున్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. బ్రిటన్‌లో అరవై ఏళ్లు దాటినా జనం వదలకుండా చూస్తున్న ‘యూనివర్సిటీ ఛాలెంజ్’ ఇదే. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో క్విజ్‌ల పిచ్చి పట్టి ఊరూరూ తిరిగినవాణ్ని నేను. ఆ పిచ్చిలో ఇంతవరకూ నేను చూసిన ఆటలన్నిటిలో దీనంత చక్కగా అల్లిన ఆట ఇంకోటి లేదు. ఆ అల్లిక ఎలాంటిదో చెప్పాలంటే 2008–09 సీజన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు.

ముందు ఆట సంగతి. అమెరికాలో ‘కాలేజ్ బౌల్’ అనే పోటీ ఉండేది. దాని నమూనాతో గ్రనాడా టెలివిజన్ 1962 సెప్టెంబర్ 21న దీన్ని మొదలుపెట్టింది. మొఘల్ చక్రవర్తుల మీద పుస్తకం రాసిన బాంబర్ గాస్కోయిన్ 1987 దాకా ప్రశ్నలడిగాడు. కొన్నేళ్ల విరామం తర్వాత 1994లో బీబీసీ టూలో జెరెమీ పాక్స్‌మన్ అందుకున్నాడు. నెమ్మదిగా ఆలోచించేవాళ్లను ‘కమాన్!’ అని తరిమే ఆ గొంతు 2023 దాకా సాగింది. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నది కోల్‌కతాలో పుట్టిన అమోల్ రాజన్.

ప్రతి ప్రశ్నల గుచ్ఛం ‘స్టార్టర్’తో మొదలవుతుంది. దాని విలువ 10 పాయింట్లు. ఎవరు ముందు బజర్ నొక్కితే వాళ్లే చెప్పాలి, పక్కవాణ్ని అడగడానికి లేదు. ప్రశ్న పూర్తిగా చదవక ముందే నొక్కవచ్చు. కానీ అలా మధ్యలో నొక్కి తప్పు చెబితే 5 పాయింట్లు పోతాయి, అవతలి జట్టు మిగతా ప్రశ్నంతా తీరుబడిగా విని జవాబు చెప్పుకుంటుంది. స్టార్టర్ గెలిచిన జట్టుకి ఒకే అంశం మీద మూడు బోనస్ ప్రశ్నలు, ఒక్కోటి 5 పాయింట్లు. వీటికి మాత్రం నలుగురూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకోవచ్చు. జవాబు కెప్టెన్ నోటి నుంచే రావాలి, లేదా ‘ఈయన చెబుతాడు’ అని కెప్టెన్ ఒకరి పేరు చెప్పాలి. నడుమ బొమ్మల రౌండ్లు, పాటల రౌండు. గంట మోగితే ఆట ఖతం, ప్రశ్న సగంలో ఉన్నా సరే.

నియమాలు ఇంతే. విద్య అంతా ఆ మధ్యలో నొక్కడంలో ఉంది.

ఆ ప్రశ్నల తీరు తెలియడానికి మన నేల మీది సంగతితో ఒకటి నేనే కట్టి చూపిస్తాను. ‘1803లో ఇంగ్లండులో పుట్టి, కావేరి పాయ కొల్లిడం మీద పని నేర్చి, ఆ తర్వాత ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఎవరు?’ ధవళేశ్వరం అనగానే గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లవాడైనా కాటన్ దొర అంటాడు. కొల్లిడం దగ్గరే నొక్కినవాడు నీటిపారుదల చరిత్ర చదివి ఉండాలి. స్టార్టర్‌ను ఇలాగే దూరం నుంచి దగ్గరికి, మసక నుంచి వెలుతురులోకి నడిపిస్తారు. లోతుగా తెలిసినవాడికి తొందరగా, పైపైన తెలిసినవాడికి ఆలస్యంగా తలుపు తెరుచుకుంటుంది. ఒకే వాక్యంతో ఎనిమిది మంది చదువును తూచే తక్కెడ అన్నమాట.

ఇప్పుడు దాన్నే కొంచెం వంచుదాం. ‘కాటన్ గోదావరికి కట్టించిన ఆనకట్ట ధవళేశ్వరం దగ్గర ఉంది, ఆ తర్వాత కొన్నేళ్లకు కృష్ణకు కట్టిన ఆనకట్ట ఏ ఊరి దగ్గర ఉంది?’ గోదావరి పేరు వినగానే ధవళేశ్వరం అని అరిచినవాడికి 5 పాయింట్లు గల్లంతు. బెజవాడ అన్న జవాబు అవతలి బల్లకు పువ్వుల్లో పెట్టి ఇచ్చినట్టే. అందుకే ఈ ఆటలో ఆరితేరినవాళ్లు జవాబు తెలిసిన క్షణంలో నొక్కరు. ప్రశ్న ఇంక వంగడానికి చోటు లేదని తెలిసిన క్షణంలో నొక్కుతారు. వాక్యం ఏ పక్కకు తిరుగుతుందో, ప్రశ్నకర్త గొంతు ఏ మాట మీద బరువు వేస్తున్నదో వింటారు. మన భాషలో క్రియ చివర్న వస్తుంది కాబట్టి ప్రశ్న అసలు ఏం అడుగుతున్నదో ఆఖరి మాట దాకా దాచిపెట్టొచ్చు. ఇలాంటి ఆట తెలుగులో పెడితే నొక్కేవాడికి ఇంకా గుండె నిబ్బరం కావాలి. నాకు ఆ కోరిక ఇప్పటికీ ఉంది.

ఈ వినడం అనే విద్యను ఒక సీజన్ పొడుగునా కళ్లకు కట్టినట్టు చూపించిన మనిషి గెయిల్ ట్రింబుల్. ఆక్స్‌ఫర్డ్‌లోని కార్పస్ క్రిస్టీ కాలేజీ జట్టుకు ఆమె కెప్టెన్. లాటిన్ కవి కాటల్లస్ రాసిన 64వ కవిత మీద పరిశోధన చేస్తుండేది. బజర్ నొక్కగానే తెర వెనక నుంచి ఒక గొంతు కాలేజీ పేరూ ఇంటిపేరూ ప్రకటించడం అక్కడి ఆనవాయితీ. ఆ సీజన్ చూసినవాళ్ల చెవుల్లో ‘కార్పస్ క్రిస్టీ, ట్రింబుల్’ అన్న కేక ఇంకా మోగుతూనే ఉంటుంది. మొదటి రౌండులో డరమ్ మీద 330–95. రెండో రౌండులో ఎడిన్‌బరా మీద 295–85. క్వార్టర్ ఫైనల్లో ఎక్సెటర్ మీద 350–15. సెమీఫైనల్లో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ మీద 260–150.

ఈ నాలుగు ఆటల్లో కార్పస్ చేసిన 1,235 పాయింట్లలో 825 ఆమెవేనని పత్రికలు లెక్క కట్టాయి. ‘మానవ గూగుల్’ అని పేరు పెట్టాయి. ఆ లెక్కను కొంచెం నిలబెట్టి చూడాలి. స్టార్టర్‌కు పదేసి చొప్పున 825 రావాలంటే నాలుగు అరగంటల్లో 82 స్టార్టర్లు ఒక్కరే కొట్టాలి, అది కుదిరే పని కాదు. అంటే అందులో కెప్టెన్‌గా ఆమె నోట పలికిన బోనస్ జవాబులూ కలిసి ఉన్నాయి. ఆ బోనస్‌లలో కొన్నయినా పక్కవాళ్లు చెవిలో వేసినవై ఉంటాయి. ఎవరి గుసగుసను నమ్మాలో, ఎవరిది వదిలెయ్యాలో రెండు మూడు సెకన్లలో తేల్చడం కెప్టెన్ పని. ఆ పని ఆమె అద్భుతంగా చేసింది. కానీ ‘ఒంటరిగా గెలిపించింది’ అన్న మాట ఆ జట్టుకూ అన్యాయమే, ఆటకూ అన్యాయమే.

ఇంకో అన్యాయం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆమె పేరు మోగేకొద్దీ ఆమె జవాబుల గురించి మాట్లాడినవాళ్లకంటే ఆమె నవ్వు గురించీ, జుట్టు గురించీ, ‘గొప్ప’ల గురించీ రాసినవాళ్లు ఎక్కువయ్యారు. అంతకుముందు ఎందరో మగపిల్లలు అదే బల్ల దగ్గర కూర్చుని, అదే చురుకుతో, అంతకంటే ఎక్కువ అహంతో బజర్లు నొక్కారు. వాళ్లను మేధావులన్నారు. తెలిసిన ఆడపిల్ల తెలిసినట్టు కనిపించడం అప్పటికీ నేరమే అయింది.

ఫైనల్ 2009 ఫిబ్రవరి 23 రాత్రి ప్రసారమైంది. ఎదురుగా మాంచెస్టర్ యూనివర్సిటీ. ఆ జట్టును తయారు చేసింది అక్కడి లైబ్రరీలో పనిచేసే ఒక క్విజ్ ప్రేమికుడు. ఏటా కొత్త పిల్లల్ని ఏరి, కూర్చోబెట్టి, బజర్ల మీద సాధన చేయించేవాడు. 1975లో ఇదే యూనివర్సిటీ జట్టొకటి, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలు తమ కాలేజీలను విడివిడిగా పంపడానికి నిరసనగా, ప్రతి ప్రశ్నకూ ‘మార్క్స్’, ‘లెనిన్’, ‘చే గువేరా’ అంటూ జవాబు చెప్పి రభస చేసింది. ఆ కోపంలో న్యాయం ఉంది. ఒక్కో కాలేజీ ఒక్కో జట్టు పంపితే ఆ రెండు ఊళ్లకు దక్కే అవకాశాలు మిగతా దేశానికి దక్కవు. ఆ నియమం నేటికీ మారలేదు. మాంచెస్టర్ మాత్రం నిరసన వదిలి సాధన పట్టుకుంది. ఫైనల్ మొదట్లో వాళ్లే ముందు నడిచారు. తర్వాత ట్రింబుల్ వేలు పని మొదలుపెట్టింది. చివరికి కార్పస్ 275, మాంచెస్టర్ 190.

వారం తిరిగేసరికి ఆ కప్పు చేతులు మారింది. సీజన్ సాగుతుండగానే కార్పస్ జట్టులో ఒకరి చదువు ముగిసి ఉద్యోగంలో చేరినట్టు తేలింది. పోటీ సాగినంతకాలం విద్యార్థిగానే ఉండాలన్నది నియమం. మార్చి 2న కార్పస్‌ను అనర్హులుగా ప్రకటించి మాంచెస్టర్‌కు కప్పు ఇచ్చారు. చాలామందికి ఇది కఠినంగా తోచింది. నాకు సరైనదే అనిపిస్తుంది. ఇది చదువుకునేవాళ్ల ఆట అన్న ఒక్క గీత చెరిగిపోతే మిగిలేది వట్టి టీవీ కార్యక్రమం. మాంచెస్టర్ ఆ పేరును ఊరికే మొయ్యలేదు కూడా, 2012లోనూ 2013లోనూ బల్ల దగ్గర కూర్చునే గెలిచింది.

మనకూ ఈ ఆటతో చుట్టరికం ఉంది. సిద్ధార్థ బసు ప్రశ్నకర్తగా బీబీసీ వరల్డ్‌లో ‘యూనివర్సిటీ ఛాలెంజ్ ఇండియా’ నడిచింది. దాని మొదటి సీజన్ 2004లో ముగిసినప్పుడు ఫైనల్‌కు వచ్చిన రెండు జట్లలో ఒకటి హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, గెలిచింది ముంబయిలోని సర్దార్ పటేల్ ఇంజనీరింగ్ కాలేజీ. 1972లోనే కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్ పెట్టుకున్న ఊరు హైదరాబాద్. అక్కడి నుంచి ఒక జట్టు ఫైనల్‌దాకా వెళ్లడంలో నాకు ఆశ్చర్యం కనిపించలేదు. ఆ కార్యక్రమం ఎక్కువకాలం నిలవనందుకు మాత్రం బెంగ ఉంది.

ట్రింబుల్ ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లోనే ట్రినిటీ కాలేజీలో అధ్యాపకురాలైంది. ఆమె ఆడిన ఆటలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా వీధి పిల్లలకు చూపిస్తుంటాను. మొదట్లో అందరూ ఒకటే అడుగుతారు, ‘ఆమెకి ఇవన్నీ ఎలా తెలుసు మాస్టారూ?’ అని. నేను జవాబు చెప్పను. బజర్ మోగిన చోట బొమ్మ ఆపుతాను. అప్పటిదాకా విన్న ప్రశ్నను కాగితం మీద రాయమంటాను. ఆమె వేలు ఏ మాట దగ్గర కదిలిందో గీత గీయమంటాను. కాసేపు గది నిశ్శబ్దంగా ఉంటుంది. తర్వాత ఎవరో ఒకరు పెన్సిల్ ఎత్తి, ‘ఇంకో రెండు మాటలు ఆగితే నేనూ చెప్పేవాణ్ని’ అంటారు.