అనాతోతు పొలం కాగితం

మొయినాబాద్ మండలం చిన్న మంగళారం చుట్టుపక్కల, అటు చేవెళ్ల దాకా, భూమి ఉన్నవాళ్లు ఏ రోజు ఏ వార్త వినాల్సివస్తుందోనని ఎదురుచూస్తూ బతకడం అలవాటు చేసుకున్నారు. 1908 మూసీ వరద తర్వాత 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. ఆ రెండింటి నీళ్లు పాడవకూడదని 1996 మార్చిలో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో పరిశ్రమలకూ పెద్ద కట్టడాలకూ అడ్డుకట్ట వేశారు. 2022లో 69 జీవో ఆ ఆంక్షలను సడలించింది. 2023 మేలో మంత్రివర్గం 111ను మొత్తానికే ఎత్తేయాలని తీర్మానించింది. కోర్టుల్లో వ్యాజ్యాలు వేరే. ఈలోగా భూమి రికార్డులు 2020లో ధరణికి, 2025లో భూభారతికి మారాయి. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు బంతి, చామంతి పంపుకునే రైతుకు ఆ చెలక పదేళ్ల తర్వాత చెలకగానే ఉంటుందో, వెంచర్ అవుతుందో చెప్పగలిగినవాళ్లు లేరు. ఇలాంటి చోట ఆదివారం ప్రార్థనలో దేవుడు మార్పులేనివాడన్న మాట వినబడితే దానికి చాలా బరువుంటుంది. ఆ మాటను మనం ఎలా పట్టుకుంటున్నామన్నదే నా ఆలోచన.

డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆరాధనలో మన సంఘాలు వాగ్దాన వచనాల కార్డులు పంచుతాయి. కార్డు తీసుకున్నవాళ్లు దాన్ని ఇంటి గోడకో, బైబిల్ అట్టలోపలో ఏడాది పొడుగునా దాచుకుంటారు. వాటిలో చాలామందికి ఇష్టమైనది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుని ఉద్దేశాలు మన మేలు కోసమేనని, రాబోయే కాలానికి నిరీక్షణ ఉందని చెప్పే మాట అది. చేతిలోకి వచ్చాక దాన్ని మనం ఎలా చదువుకుంటాం? ఈ ఏడు భూమి కేసు తేలుతుంది, ధర పలుకుతుంది, పిల్లకు సంబంధం కుదురుతుంది అని. అలా కోరుకోవడంలో తప్పేమీ లేదు. లేనివాళ్ల ప్రార్థన ఎప్పుడూ కంటికి కనబడే అవసరాల గురించే ఉంటుంది. కానీ ఆ వచనానికి సరిగ్గా ముందున్న వచనాన్ని కార్డు మీద ఎవరూ అచ్చు వేయరు. బబులోను చెరలో డెబ్బై ఏళ్లు గడవాలని అందులో ఉంది. చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలోని మాటలివి. ఆ ఉత్తరం చదివించుకున్న పెద్దల్లో ఎక్కువమంది తిరిగి యెరూషలేము చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా ఆ మాట వాళ్లకే వచ్చింది. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అన్నది కూడా ఆ ఉత్తరంలోనే ఉంది. దేవుని స్థిరత్వాన్ని మన పరిస్థితుల స్థిరత్వంగా లెక్కకట్టుకుంటే ఈ ఉత్తరం అర్థం కాదు.

అదే పుస్తకంలో 32వ అధ్యాయం మన ప్రాంతపు విశ్వాసులు కంఠతా పట్టాల్సినది. సిద్కియా ఏలుబడి పదో ఏడు. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. ఊరు పడిపోతుందని చెప్పినందుకు ప్రవక్త యిర్మీయాను కారాగృహపు ఆవరణలో పెట్టారు. అక్కడికి ఆయన తండ్రి తోబుట్టువు కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న తన పొలాన్ని కొనమంటాడు. అనాతోతు యెరూషలేముకు కూతవేటు దూరం. శత్రువు నగరాన్ని చుట్టుముట్టాక చుట్టుపక్కల పొలానికి విలువేముంటుంది? యిర్మీయా కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షులను పెట్టుకున్నాడు, సంతకం చేశాడు, ముద్ర వేశాడు. ముద్ర వేసినదొకటి, తెరిచి ఉన్నదొకటి, రెండు పత్రాలూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలా కాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ కొంటారని దేవుడు చెప్పిన మాటకు అది గుర్తు.

ఈ కథలో నన్ను ఆపేసేది కొనుగోలు తర్వాత వచ్చే ప్రార్థన. పత్రం చేతులు మారాక యిర్మీయా దేవుని దగ్గరికి వెళ్లి, ముట్టడి దిబ్బలు కనబడుతూనే ఉన్నాయి, ఊరు శత్రువు చేతికి పోతూ ఉంది, నువ్వేమో పొలం కొనమన్నావు అని తన అయోమయాన్ని బయటపెట్టుకున్నాడు. చేయాల్సింది చేసేశాడు, అనుమానాన్ని ఆ తర్వాత విప్పి చెప్పుకున్నాడు. ఆ పొలంలో ఆయన దున్నినట్టు, కోసినట్టు ఎక్కడా లేదు. చివరికి ఆయన్ని ఐగుప్తుకు తీసుకుపోయారు. విశ్వాసమంటే లోపల కలవరం లేకపోవడమని బోధించేవాళ్లు ఈ అధ్యాయాన్ని ఇంకోసారి చదవాలి.

ఇక్కడ బైబిల్ బాగా చదివినవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. మలాకీ 3:6లో దేవుడు తాను మార్పులేనివాడినన్నాడు సరే, నీనెవె విషయంలో మనసు మార్చుకున్నాడు కదా? ఆదికాండం ఆరో అధ్యాయంలో నొచ్చుకున్నాడు కదా? నిజమే, దీన్ని దాటవేయకూడదు. ఆ ఊరికి పంపిన ప్రవక్త యోనా కోపమే దీనికి జవాబు ఇస్తుంది. నీనెవె పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడని తనకు ముందే తెలుసని, అందుకే తర్షీషుకు పారిపోయానని నాలుగో అధ్యాయంలో అతనే చెప్పాడు. మారింది ఊరు. ఊరు మారినప్పుడు దేవుడు ఏం చేస్తాడో యోనా ముందే ఊహించగలిగాడంటే ఆయన గుణం అంత నికరమైనది. మలాకీ మాట సందర్భం కూడా అదే. యాకోబు సంతతి ఇంకా నాశనం కాకపోవడానికి కారణం ఆయన మారకపోవడమేనని అందులో ఉంది. ఆ మాట విన్నవాళ్లు చెర నుంచి తిరిగొచ్చి, మందిరం కట్టుకుని కూడా కష్టాల్లోనే ఉన్నారు. వాళ్లకు దక్కింది సుఖం కాదు, తమను విడిచిపెట్టని దేవుడు.

ఇంకో అభ్యంతరం బయటినుంచి వస్తుంది, అది ఇంకా గట్టిది. మారని దేవుణ్ణి నమ్మమంటే, ఉన్నదున్నట్టు భరించమని పేదవాడికి నేర్పినట్టు కాదా? మన చరిత్రలో దీనికి ఆధారంతో జవాబు చెప్పొచ్చు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. గింజల కోసం మతం మారారనే మాట రాకూడదని, సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. తరాలుగా తమ నెత్తిన రుద్దిన పనుల్లో కొన్నింటిని, చచ్చిన గొడ్డు మాంసం తినడాన్ని, జాతరల్లో డప్పు కొట్టడాన్ని వాళ్లు మానుకున్నారు. ఊరి పెద్దలు మారరానివని చెప్పిన కట్టుబాట్లవి. మారనివాడు దేవుడొక్కడే అని నమ్మినవాళ్లకు ఊరి కట్టుబాటు శాశ్వతం కాదని తెలిసిపోయింది. ఆ నమ్మకం వాళ్లను అణచి ఉంచలేదు, నిలబెట్టింది.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. వాగ్దాన కార్డు గోడకు అంటించుకుని ఏడాదంతా ధైర్యం తెచ్చుకునే ముసలి తల్లి దగ్గర నుంచి దాన్ని లాక్కోవాలని నేను అనను. పదకొండో వచనంతో పాటు పదో వచనాన్ని కూడా అచ్చు వేయమంటాను. కార్డు పంచిన సంఘమే ఇంకో పని కూడా చేయాలంటాను. మన ఊళ్లలో రిజిస్ట్రేషన్ లేని సాదాబైనామా కాగితాల మీద కొన్న ఎకరా అరెకరా ఉన్నవాళ్లున్నారు. తండ్రి పోయాక విరాసత్ చేయించుకోనివాళ్లున్నారు. ఏం రాసుందో చదవలేక బ్రోకర్ చూపిన అడ్వాన్సు కాగితం మీద వేలిముద్ర వేసేవాళ్లూ ఉన్నారు. ధరలు ఎగిరినప్పుడు ముందుగా మోసపోయేది వీళ్లే. పాసుపుస్తకంలో పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిగా ఉన్నాయో లేదో చూసిపెట్టడం, తప్పుంటే తహసీల్దార్ కార్యాలయానికి అర్జీ రాసిపెట్టడం, ఏ కాగితానికైనా రెండో ప్రతి ఇంట్లో ఉంచుకోమని చెప్పడం సంఘం చేయగలిగినవే. యిర్మీయా తూకం, సాక్షులు, రెండు ప్రతులు అన్నీ పద్ధతి ప్రకారం పెట్టుకున్నాడు, అది కూడా రాజ్యం పడిపోతున్న రోజుల్లో. జనవరి మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, చదువుకున్న పిల్లలు ఇద్దరు చాప మీద కూర్చుని పెద్దవాళ్ల కాగితాలు ఒక్కొక్కటిగా చదివి వినిపిస్తే మొదలుపెట్టడానికి అది చాలు.